యింటెనక చేమ దుబ్బు

రేణిగుంట మండలంలో ఒక కాలనీకి యిళ్ల స్థలాల విషయం మాట్లాడడానికి వెళ్లాం. కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చేసరికి పొద్దుగూకింది. సభ అంటే పెద్ద సభేమీ కాదు, వీధిలైటు కింద యిరవై ముప్పై మంది కూర్చున్నారు. మాటలు అయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటింది. లేవబోతుంటే ఒక పెద్దమ్మ "వుత్తకడుపుతో పోతారా నాయనా" అని కూర్చోబెట్టి రాగిసంగటి, చేమగడ్డ పులుసు పెట్టింది.

గడ్డలు మెత్తగా వుడికాయి, గొంతులో దురదన్న మాటే లేదు. "కిలో ఎంత పెట్టి కొన్నావు పెద్దమ్మా?" అని అడిగాం. "కొనేదేంది నాయనా, యింటెనకవే. అంట్లు తోమిన నీళ్లకు వూరినాయి" అంది. టార్చిలైటు తీసుకుని వెళ్లి చూశాం. స్నానాల బండకూ వెనక గోడకూ మధ్య రెండు బారల పొడవు, ఒక బార వెడల్పు నేల. అందులో పదిహేనో పద్దెనిమిదో దుబ్బులు, మోకాలెత్తు ఆకులు. ఎరువు బస్తా కొన్నది లేదు, మందు కొట్టింది లేదు, మోటారు లేదు.

వంటింటి సంగతి రైతాంగం శీర్షికలోకి ఎందుకొచ్చిందని కొందరు మిత్రులు అడగవచ్చు. సెంటు భూమి లేని వ్యవసాయ కార్మికుడికి సొంత సేద్యమంటూ ఏదైనా వుంటే అది ఆ రెండు బారల నేలలోనే వుంది. ఆ నేల కూడా యిప్పుడు చేజారిపోతున్నది. అందుకని రాస్తున్నాం.

ముందు మొక్క సంగతి చెప్పుకుందాం. మనవైపు చేమగడ్డ అంటాం, కోస్తావాళ్లు చామదుంప అంటారు. పక్కనున్న అరవదేశంలో శేప్పంకిళంగు, కేరళలో చేంబు, వుత్తరాదిన అర్బీ. మనిషి సేద్యం నేర్చిన తొలినాళ్ల పంటల్లో యిదొకటి. పాపువా న్యూ గినీ దేశంలో కుక్ అనే చిత్తడి నేలలో వేల ఏళ్ల కిందటి రాతి పనిముట్లు దొరికాయి. వాటికి అంటుకున్న చేమ పిండి ఆనవాళ్లను శాస్త్రజ్ఞులు గుర్తుపట్టారు. వరి, గోధుమల కథలు చదువుకున్నవాళ్లు చాలామందే. చేమ కథ చెప్పేవాళ్లు తక్కువ. రాజుల గాదెల్లో నిల్వ చేయడానికి, పన్నుగా కొలిచి తీసుకుపోవడానికి పచ్చి గడ్డ అంత అనువైంది కాదు, అందుకేనేమో అని మాకనిపిస్తుంది.

నూరు గ్రాముల చేమగడ్డలో సుమారు 97 కేలరీల శక్తి వుంటుంది. యించుమించు వుర్లగడ్డంతే. మాంసకృత్తులు వుర్లగడ్డలో కన్నా కొంచెం ఎక్కువే. అయితే యిది తింటే రక్తం పడుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత వుంది. అది ఒక గడ్డతో తీరే జబ్బు కాదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు కావాలి, వాటిని కొనే కూలి కావాలి. చేమగడ్డ చేసే మేలల్లా కడుపు నింపడం, ఆ పూటకు కూర డబ్బులు మిగల్చడం. మిగిలిన డబ్బులతో ఆ తల్లి గుడ్డు కొంటుంది.

యిక నాటే పద్ధతి. దీనికి గింజ విత్తనం వాడరు. తల్లిగడ్డ చుట్టూ వూరే పిల్లగడ్డలే విత్తనం. కోడిగుడ్డులో సగమంత, అంటే 20 నుంచి 30 గ్రాముల గడ్డ చాలు. మొన బాగుండాలి, కుళ్లు వుండకూడదు. నేలను జానెడు లోతు గుల్ల చేసి, మాగిన పేడ ఎరువు దుబ్బుకు రెండు దోసిళ్లు కలపాలి. పచ్చి పేడ వేయవద్దు, చెదలు చేరతాయి. నాలుగు వేళ్ల లోతున గడ్డ పెట్టి మట్టి కప్పాలి. మొక్కకూ మొక్కకూ అడుగున్నర, సాలుకూ సాలుకూ రెండడుగులు వదలాలి.

రోహిణి ఎండలు తగ్గాక మృగశిర కార్తెలో నాటితే మనవైపు సరిగ్గా కుదురుతుంది. మనకు నైరుతి వాన కొంత, ఈశాన్య వాన కొంత పడుతుంది. అక్టోబరు, నవంబరు వానలు గడ్డ వూరే సమయానికి అందుతాయి. రకాన్ని బట్టి అయిదు నుంచి ఏడు నెలలకు పంట. మృగశిరలో పెట్టినది సంక్రాంతి లోపల చేతికొస్తుంది. ఆకులు పసుపుబారి వాలిపోతే గడ్డ ముదిరిందని గుర్తు. తవ్వడానికి మూడు నాలుగు వారాల ముందు నీళ్లు మానేయాలి. బాగా సాకిన దుబ్బుకు అరకిలోకు అటూయిటూగా వస్తుంది.

నెలకొకసారి, రెండుసార్లయినా కలుపు తీసి మొదట్లోకి మట్టి ఎగదోయాలి. యిది మరవకూడదు. మేం మరిచాం కాబట్టి చెబుతున్నాం. ఒక ఏడాది మా సంఘం ఆఫీసు వెనక కుళాయి దగ్గర ఒక డజను గడ్డలు నాటాం. దగ్గర దగ్గరగా నాటాం. పైగా కుళాయి కారుతుంటే నీళ్లు ఎక్కువైతే మంచిదే కదా అనుకున్నాం. సభలు, ధర్నాల హడావుడిలో ఎవరూ పార పట్టలేదు. ఆకులు మాత్రం గొడుగుల్లా వచ్చాయి, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తవ్వితే బొటనవేలంత గడ్డలు! ఆ కాలనీ పెద్దమ్మకు యీ సంగతి చెబితే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "మట్టి ఎగదోయకపోతే పిల్లలేడ పెడతాది నాయనా" అంది.

నీళ్ల దగ్గర యింకొంచెం జాగ్రత్త కావాలి. చేమ నీడను ఓర్చుకుంటుంది, తడిని ఓర్చుకుంటుంది. వంకాయా టమాటా రానిచోట యిది వస్తుంది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి తిరుపతి, రేణిగుంట ప్రాంతాలు నీళ్లపాలైనప్పుడు పల్లపు యిండ్లలోకి నీళ్లొచ్చి బియ్యం, బట్టలు పాడయ్యాయి. అలాంటి నీళ్లలో రెండురోజులు నిలబడ్డా చేమ చావదు. స్నానం నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, అంట్ల నీళ్లు దీనికి పనికొస్తాయి. బట్టల సబ్బు, సోడాపొడి ఎక్కువ కలిసిన నీళ్లు రోజూ పోస్తే మాత్రం నేల చవుడు బారుతుంది. అలాంటివి పక్కకు మళ్లించండి, లేదా మధ్యమధ్య మంచినీళ్లు పెట్టండి. నీళ్లు గుంటకట్టి నిలవకుండా చిన్న కాలువ తీయాలి. లేకుంటే చేమ కన్నా ముందు దోమ పండుతుంది.

మరుగుదొడ్డి నీళ్లు, కంపెనీల కాలువ నీళ్లు అసలు పెట్టవద్దు. రేణిగుంట చుట్టూ యిప్పుడు ఫ్యాక్టరీలు చాలా వచ్చాయి. ఏ కాలువలో ఏం కలుస్తున్నదో మనకు చెప్పేవాళ్లు లేరు. దుంపలు నేలలో వున్నది పీల్చుకుంటాయి. రైలుకట్ట పక్క మురుగులో వాటంతటవే పెరిగే చేమల్ని తవ్వుకొచ్చి వండుకోవద్దు. అవి దురదా ఎక్కువ, ఆ మురుగూ మంచిది కాదు.

దురద సంగతి ఎత్తాం కాబట్టి చెబుతాం. ఆకులోనూ గడ్డలోనూ సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు వుంటాయి. వాటిని కాల్షియం ఆక్సలేట్ అంటారు. అవి చర్మానికీ గొంతుకూ గుచ్చుకుంటే నవ పుడుతుంది. పచ్చిగా ఎవరూ తినకూడదు, పిల్లలను ఆ దుబ్బుల దగ్గర నమలనివ్వకూడదు. పచ్చిగడ్డ తొక్క తీసేటప్పుడు చేతికి నూనె రాసుకోవాలి. దానికన్నా తొక్కతోనే మెత్తగా వుడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత ఒలవడం సుఖం. చింతపండు పులుసులో వేయడం మన పెద్దల అనుభవం నేర్పిన పద్ధతి. సగం వుడికిన గడ్డను చింతపండు కాపాడలేదు కాబట్టి ముందు బాగా వుడకాలి. లేత ఆకును కూరగా వండుకునేవాళ్లూ వున్నారు. దాన్ని కూడా బాగా వుడికించి నీళ్లు వంపాలి. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు గడ్డనూ ఆకునూ తగ్గించాలి.

వానాకాలంలో చేమకు ఆకుమచ్చ తెగులు వస్తుంది. ముందు నీళ్లలో తడిసినట్టు గుండ్రటి మచ్చలు పడతాయి, అవి పెద్దవై ఆకంతా కుళ్లిపోతుంది. ముసురు పట్టిన వారంలోనే దుబ్బంతా పోవచ్చు. యింటి దగ్గర నాలుగు దుబ్బులకు మందులు కొట్టమని మేం చెప్పం. మచ్చ కనబడ్డ ఆకును వెంటనే కోసి దూరంగా పూడ్చేయండి. దుబ్బులు వొత్తుగా నాటవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే రకాన్ని నమ్ముకోవద్దు.

ఒకే రకాన్ని నమ్మితే ఏమవుతుందో పసిఫిక్ సముద్రంలోని సమోవా అనే చిన్న దేశం చెబుతుంది. అక్కడివాళ్లకు చేమ అంటే మనకు బియ్యంలాగ. తినేది అదే, పై దేశాలకు అమ్మేదీ అదే. బయటి మార్కెట్టుకు నచ్చిన ఒకే రకాన్ని దేశమంతా నాటుకున్నారు. 1993లో యీ ఆకుమచ్చ తెగులు అడుగుపెట్టింది. పిల్లగడ్డే విత్తనం కాబట్టి తోటలన్నీ ఒకే తల్లి బిడ్డలు. ఒకదానికి లేని శక్తి మరోదానికీ లేదు. ఏడాది తిరక్కుండానే పంట కూలిపోయింది, ఎగుమతి దాదాపు నిలిచిపోయింది. తర్వాత శాస్త్రజ్ఞులూ రైతులూ కలిసి వేరే రకాలతో సంకరం చేసి తట్టుకునే చేమల్ని తయారు చేసుకోవలసి వచ్చింది.

మన దేశంలో దుంపల మీద పరిశోధనకే తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలో కేంద్ర సంస్థ ఒకటి 1963 నుంచి పనిచేస్తున్నది. శ్రీరశ్మి, శ్రీపల్లవి, శ్రీకిరణ్ అక్కడి నుంచి వచ్చిన చేమ రకాలు. భువనేశ్వర్‌లోని దాని ప్రాంతీయ కేంద్రం నుంచి వచ్చిన ముక్తకేశి ఆకుమచ్చను కొంత తట్టుకుంటుంది. యివి మన కూలివాళ్ల పెరళ్లకు ఎవరు తెచ్చిస్తారు? కరకంబాడిలోని కృషి విజ్ఞాన కేంద్రం మనకు దగ్గరే. వెళ్లి అడగండి, నలుగురు కలిసి వెళ్లి అడగండి. ఒక్కరు పోతే రేపు రమ్మంటారు.

అవి వచ్చేదాకా మన యిండ్లలో వున్న విత్తనమే మనకు ఆధారం. యీ విత్తనం మొదటినుంచీ ఆడవాళ్ల చేతుల్లోనే వుంది. పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన గడ్డలు, పక్కింటామె యిచ్చిన గడ్డలు. దీనికి బిల్లు లేదు, బ్రాండు లేదు. అలాంటిదాని మీద కూడా పేటెంటు వేసినవాళ్లున్నారు. 2002లో హవాయి విశ్వవిద్యాలయం తాము సంకరం చేసిన మూడు చేమ రకాల మీద అమెరికా పేటెంట్లు తీసుకుంది. హవాయి మూలవాసులకు చేమ కేవలం తిండి కాదు, మనిషికన్నా ముందు పుట్టిన అన్న. ఆ అన్న పేరు హలోవా అని వాళ్ల పురాణం. అన్నను అమ్ముకుంటారా అని రైతులూ విద్యార్థులూ కలిసి విశ్వవిద్యాలయాన్ని నిలదీశారు. 2006లో ఆ మూడు పేటెంట్లనూ వదులుకోక తప్పలేదు. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల చట్టం రైతు తన విత్తనాన్ని దాచుకునే, నాటుకునే, మార్చుకునే, బ్రాండు వేయకుండా అమ్ముకునే హక్కును గుర్తించింది. యింటెనక చేమ దుబ్బు పెట్టుకున్న కూలిమనిషి కూడా ఆ విషయంలో రైతే అని మా వాదన.

యిక స్థలం సంగతి. 2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీల్లోనూ యిండ్లలోనూ పోషణ వాటికలు పెట్టమని ప్రచారం చేశారు. మంచిమాటే. ఒక వూళ్లో అలాంటి సమావేశానికి మేమూ వెళ్లాం. వచ్చిన అధికారి పెరట్లో ఏమేం పెంచుకోవచ్చో అరగంట చెప్పాడు. చివర ఒక చెల్లెమ్మ లేచి "పెరడు ఏడుంది సార్?" అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. తప్పు ఆయనది కాదు. పెంచుకోమని చెప్పేది ఒక శాఖ, స్థలం కొలిచి యిచ్చేది యింకొక శాఖ.

లెక్క చూద్దాం. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో యిళ్ల స్థలాల పంపిణీ మొదలైంది. మన పక్కనే శ్రీకాళహస్తి దగ్గర వూరందూరులో డిసెంబరు 28న ముఖ్యమంత్రే వచ్చి పట్టాలిచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 435.6 చదరపు అడుగులు. సెంటున్నర 653. అందులో 340 అడుగుల యిల్లు. మిగిలిన 313 అడుగుల్లో వాకిలి, మెట్లు, మరుగుదొడ్డి, చుట్టూ నడిచే సందు, బండి పెట్టుకునే చోటు. సెంటు స్థలమైతే మిగిలేది 95 అడుగులు. ఒక చేమ దుబ్బుకు మూడు చదరపు అడుగులు కావాలి. యిరవై దుబ్బులకు 60 అడుగులు. అంత కొంచెం జాగా కూడా చాలా యిండ్లకు లేదు. తరతరాలుగా మేకను కట్టేసుకుని, కోడిని పెంచుకుని, సొరపాదు పాకించుకున్న జనానికి యిల్లంటే నాలుగు గోడలేనా?

2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు అని ప్రకటించింది. ఆ మూడు సెంట్లు వూరికి దగ్గరగా, నీళ్లున్నచోట, మెట్టమీద కావాలి. వంకలోనో చెరువు లోతట్టులోనో యిస్తే చేమ బతుకుతుంది గాని మనిషి బతకడు. రేణిగుంట చుట్టూ విమానాశ్రయం, కంపెనీలు, ప్లాట్లు పెరిగేకొద్దీ నేల ధర పెరిగింది. ధర పెరిగేకొద్దీ పేదవాడి స్థలం వూరికి దూరం జరుగుతున్నది.

మూడు సెంట్లే పెద్ద వరమన్నట్టు చెప్పేవాళ్లకు కేరళను చూపిస్తున్నాం. అక్కడ భూస్వామి తోటలో గుడిసె వేసుకుని బతికిన కూలివాణ్ణి కుడికిడప్పుకారన్ అంటారు. 1969లో వచ్చిన భూసంస్కరణల సవరణ చట్టం వాడికి పల్లెల్లో గుడిసె చుట్టూ 10 సెంట్లు, మునిసిపాలిటీల్లో 5 సెంట్లు, నగరాల్లో 3 సెంట్లు మార్కెట్టు ధరలో కొద్ది భాగానికే కొనుక్కునే హక్కు యిచ్చింది. చట్టం దానంతటదే అమలు కాలేదు. 1969 డిసెంబరులో ఆలప్పుళలో కూలీలూ కౌలుదార్లూ సమావేశమై, 1970 జనవరి 1 నుంచి మా హక్కు మేమే అమలు చేసుకుంటాం అని చాటారు. గుడిసె చుట్టూ పది సెంట్లు కొలిచి కంచెలు వేసుకున్నారు. కేసులు, జైళ్లు తప్పలేదు. యీనాడు కేరళ పల్లెకు పోయినవాళ్లు యింటింటికీ కొబ్బరి చెట్టు, దానికింద చేంబు, కంద, కర్రపెండలం చూసి ముచ్చటపడతారు. ఆ పెరళ్లలో చాలావాటి వెనక యీ పోరాటం వుంది.

ఒక మాట మా మీద మేమే చెప్పుకోవాలి. పెరటి పంటను పొగిడితే యజమానులు దాన్ని కూలి తగ్గించడానికి వాడుకుంటారు. అది కొత్త సంగతి కాదు. 1845కు ముందు ఐర్లండులో భూస్వాములు కూలివాడికి వుర్లగడ్డ పెట్టుకునే చిన్న మడి యిచ్చి, దాని అద్దె కింద కూలి జమ కట్టుకునేవారు. వాడి చేతికి డబ్బు రాదు, నోటికి వుర్లగడ్డ తప్ప లేదు. చేమ ఆకుమచ్చకు దాయాది అయిన తెగులు 1845లో వుర్లగడ్డకు వచ్చింది. పంటపోయిన ఆ కొన్నేళ్లలో సుమారు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చచ్చిపోయారు. అదే కాలంలో ఆ దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే వుంది. కాబట్టి నాటు కూలి బేరం దగ్గర ఎవరైనా "మీకు పెరట్లో గడ్డలున్నాయిగా" అంటే, అవి మా యింటి నీళ్లకు పండినవి, నీ కయ్యలో పనికి లెక్క వేరు అని చెప్పండి. రేషను బియ్యం చూపి కూలి తగ్గించబోయినప్పుడు కూడా యిదే జవాబు చెప్పాం.

స్థలం వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర లేదు. సిమెంటు సంచి, దాణా సంచి ఏదైనా కడిగి అడుగున నాలుగు బెజ్జాలు పెట్టండి. సగం మట్టి, సగం మాగిన ఎరువు నింపి సంచికి రెండు గడ్డలు పెట్టండి. మొదట సంచి సగమే నింపి, మొక్క ఎదిగేకొద్దీ పైన మట్టి పోస్తూ పోతే ఎగదోసినట్టే. గోడ నీడన, ఎండ రెండు మూడు గంటలు తగిలేచోట వుంచండి. వేసవిలో పూటకో చెంబు నీళ్లు కావాలి. దిగుబడి నేలలో వచ్చినంత రాదు, అయినా పది సంచులుంటే నాలుగు వారాల పులుసుకు కొరత వుండదు.

తవ్వినప్పుడు అన్నీ వండుకోకుండా మంచి పిల్లగడ్డలు ఒక శేరు పక్కన పెట్టండి. మట్టి దులిపి, నీడన ఆరబెట్టి, పొడి యిసుకలో పరిచి మంచం కిందో అటక మీదో దాచండి. కడగవద్దు. వారానికొకసారి చూసి మెత్తబడ్డవాటిని తీసేయండి. ఆ కాలనీ పెద్దమ్మ మాకు పద్దెనిమిది గడ్డలిచ్చింది. ఆరు మేం ఆఫీసు వెనక నాటుతున్నాం, యీసారి పార పట్టే వంతులు కూడా వేసుకున్నాం. మిగిలిన పన్నెండు రెండు యిండ్లకు యిచ్చాం. మృగశిర లోపల తక్కిన కాలనీల్లోనూ వున్న యింటి నుంచి లేని యింటికి తలా ఆరు గడ్డలు చేర్చే పని మహిళా కార్యకర్తలు తీసుకున్నారు. స్థలాల అర్జీ మీద సంతకాలు కూడా ఆ తిరుగుడులోనే అడుగుతారు.